యాభై నిమిషాలు, రెండు ఫోన్లు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ తమ్ముడూ బాగున్నారని తలుస్తాను. చంటిదాని దగ్గు తగ్గింది. వంటింటి కప్పు ఇంకా కారుతూనే ఉంది, కింద బకెట్ పెట్టాను. నా ప్రమోషన్ ఏమైందనీ, పల్లపు వీధి ఇస్త్రీ బాబాయి ఎలా ఉన్నాడనీ అడిగావు. చెబుతాను, ముందు నా కడుపుమంట కాస్త చల్లారనీ.

మంగళవారం మధ్యాహ్నం కురిసిన వానకి పల్లపు వీధి మునిగిపోయింది. నేను సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నాను. అగ్నిమాపక శాఖ వాళ్లు ఫోన్ చేసి, "కరెంటు తీసేయండి, లేకపోతే పడవ దించలేం" అన్నారు. అది పెట్టేలోపే రెండో ఫోన్ మోగింది. మురుగునీటి శాఖ వాళ్లు. "కరెంటు తీయకండి. మా పంపులు ఆగితే నీళ్లు ఇంకా లేస్తాయి" అన్నారు. పంపులకీ ఆ వీధికీ ఒకటే లైను.

ఇద్దరు చెప్పిందీ నిజమే. కానీ ఒకరితో ఒకరు మాట్లాడరట. వాళ్ల ఆఫీసరు వీళ్ల ఆఫీసరుకి కాగితం రాయాలట. మా ఇంజనీరు ఇంకా ఘనుడు. "ఇద్దరి దగ్గర్నించీ రాతపూర్వకంగా వచ్చేదాకా స్విచ్ మీద చెయ్యి వెయ్యకు" అన్నాడు. జనం పీకల్లోతు నీళ్లలో ఉంటే వీళ్లకి కాగితం కావాలి. వేసవిలో సమన్వయ సమావేశమని టీలు తాగి ఫొటోలు దిగింది ఈ మహానుభావులే. ఒకరి నంబరు ఒకరి దగ్గర లేదు.

ఇద్దరూ మళ్లీ మళ్లీ నాకే ఫోన్లు. చివరికి ఒళ్లుమండి రెండు రిసీవర్లూ బల్ల మీద పెట్టి, ఒకదాన్ని తలకిందులుగా తిప్పి రెండోదానికి ఆనించాను. "మీలో మీరే తేల్చుకోండి" అన్నాను. మూడు నిమిషాల్లో తేలిపోయింది. పడవ వీధి మొదటికి వచ్చేదాకా పంపులు నడపాలి, తర్వాత ఇరవై నిమిషాలు కరెంటు తీయాలి. కాగితాల కోసం చూడకుండా అలాగే తీశాను.

ఇక ఇస్త్రీ బాబాయి. ఊరివాళ్ల బట్టల మూట నెత్తిన పెట్టుకుని కొట్లో బల్లెక్కి నిలబడ్డాడట. పడవ రావడానికి కాస్త ముందే మీటరు దగ్గర వైరు తగిలింది. ప్రాణం దక్కింది గానీ, కుడిచెయ్యి మణికట్టు దాకా తీసేశారమ్మా. నిన్న ఆసుపత్రికి వెళ్తే, "నువ్వే కరెంటు తీశావటగా అమ్మాయ్, లేకపోతే పోయేవాణ్ణే" అని ఎడంచేత్తో నా తల నిమిరాడు.

బాబాయి కన్నా ముందు నీకే చెబుతున్నాను. మొదటి ఫోన్‌కీ, నేను రిసీవర్లు కలపడానికీ మధ్య యాభై నిమిషాలు గడిచాయి. అంతసేపూ ఇద్దరికీ "కాగితం పంపండి" అని చెప్పిన గొంతు నాదే. ప్రమోషన్ ముందు ఏదీ నా మెడకి చుట్టుకోకూడదనుకున్నాను. అందరినీ తిట్టిపోశాను, నేను మాత్రం చేసిందేమిటి?

ఆ రోజు ఆలస్యం మీద వేసిన విచారణకి మా ఇంజనీరు "మా శాఖ వల్ల ఆలస్యం లేదు" అని రాసి నా సంతకం అడిగాడు. ఆ వాక్యం కొట్టేసి, యాభై నిమిషాలని రాసి, పొద్దున్నే సంతకం పెట్టి ఇచ్చేశాను. ప్రమోషన్ గురించి ఇక అడగకు.

సాయంత్రం మళ్లీ ఆసుపత్రికి వెళ్తున్నాను. నిన్న బాబాయి తల నిమురుతుంటే ఆ యాభై నిమిషాల మాట దాచాను. ఇవాళ చెప్పాలి.

ఇట్లు,
నువ్వు మొండిఘటమని తిట్టే
నీ పెద్దమ్మాయి