ముదిరితేనే కార్డు

నెక్కొండ

నా మొండి పద్మకు,

ఫోన్‌లో చెబితే మధ్యలో ఏడుస్తాను, నువ్వు వెక్కిరిస్తావు. అందుకే రాస్తున్నాను. సరే, నువ్వే గెలిచావు. క్లినిక్ మూసేసి మీ హన్మకొండ ఆస్పత్రిలో ఉద్యోగానికి వస్తాను.

సర్కారు బీమా కార్డు మీద చూసే డాక్టర్‌ని ఇక్కడ నేనొక్కదాన్నే మిగిలాను. షుగర్ పుండు కడిగి కట్టు కడితే ఆ కార్డు ఇచ్చే రేటు దూదికి కూడా చాలదు. అదే కాలు ముదిరాక తీసేస్తే మీలాంటి పెద్దాస్పత్రికి దండిగా ఇస్తుంది. కాపాడినవాళ్లకు చిల్లర, కోసినవాళ్లకు నోట్లు! ఆ మధ్య కోపం పట్టలేక మా నర్సు రమ మీద ఇదే అరిచాను. "మెల్లగ మేడం, బయట పేషెంట్లు ఇంటరు" అంది. విననీ అన్నాను.

ఒక్క షరతు. మార్కెట్ యార్డు హమాలీ మొగిలయ్య గురించి చెబుతుంటాను కదా, నాకని సీతాఫలాలు తెచ్చి బయట కూర్చున్నవాళ్లందరికీ పంచేస్తాడు. అతని పాదం మీద పుండు మానడానికి వచ్చింది. అది పూర్తిగా మానాకే తాళం వేస్తాను. కొన్ని వారాలుగా రావడం లేదు. పత్తి సీజన్ కదా, బస్తాల గొడవలో పడి ఉంటాడు. కబురు చేస్తే "మంచిగనే ఉన్నడు" అని భార్య యాకమ్మ చెప్పి పంపింది. రానీ, చీవాట్లు తప్పవు.

నీ భవాని

హన్మకొండ

భవానీ,

వెక్కిరించే ఓపిక లేదే. కూర్చుని చదువు.

మొగిలయ్య మా వార్డులో ఉన్నాడు. మోకాలి కింద నుంచి కాలు నేనే తీశాను. నెక్కొండ అనగానే, నీ దగ్గరికి ఎందుకు పోలేదని తిట్టాను. ఏమన్నాడో విను.

"మా కట్లకు దూది పైసలు గూడ వస్తలెవ్వని డాక్టరమ్మ అంటాంటే ఇన్న. మా అసొంటోళ్లతోని ఆమె దవాఖాన మునుగుతాందని సిగ్గైంది. గీడికొస్తే, పెద్ద దవాఖానల కట్టుకు కార్డు నడ్వదు, ముదిరితే రమ్మన్నరు. ముదిరిందాక ఉన్న."

తిప్పి పంపింది మా కౌంటరే. ఆపరేషన్ డబ్బులు మాకు అప్పుడే మంజూరయ్యాయి కూడా.

ఉద్యోగం సంగతి మావాళ్లతో మాట్లాడాను. వచ్చే నెల చేరమన్నారు. నువ్వు పెట్టిన షరతు ఇక లేదు కదా.

అతను నిన్ను ఒక్క మాట అనలేదు, భవానీ. నేను రౌండ్స్‌కు పోయినప్పుడల్లా ఒకటే అడుగుతున్నాడు, "మా డాక్టరమ్మ దవాఖాన మంచిగ నడుస్తాందా?" అని. నడుస్తోందనే చెబుతున్నాను.

పద్మలత