ఆటలో కరీం చెప్పే ఒక్క మాట

మంగళవారం, కొత్తవాడ

కరీం సూరత్ మిల్లుకు పోయాక, మేమిద్దరం చిన్నప్పుడు ఆడిన ఆ పాత సాహసాల వీడియో ఆట ఈరోజే మళ్లీ తెరిచాను. హీరోకు నా పేరు, వెంట నడిచే కత్తివీరుడికి వాడి పేరు పెట్టుకున్నాం అప్పట్లో.

నిజానికి అంత గొప్ప ఆటేమీ కాదు. నాలుగడుగులు వేస్తే ఏదో ఒక దయ్యం మీద పడుతుంది. సత్రం చేరేదాకా సేవ్ చేయనివ్వదు. సాయంత్రం కరెంటు పోయి ఆడిందంతా మట్టిపాలైంది. సంగీతం మాత్రం ఇప్పటికీ ప్రాణం లేచొచ్చేలా ఉంది. అన్నిటికన్నా చిరాకేమిటంటే, కరీంను ఎన్నిసార్లు పలకరించినా ఒకటే మాట: "పద, పోదాం."

పెద్ద జంపఖానా నేయాలంటే మగ్గం మీద పక్కపక్కన ఇద్దరు కూర్చోవాలి. వాడు లేక నేను ఒక్కడు నేయగల చిన్న జంపఖానా పట్టాలే నేస్తున్నాను.

"ఇంకొకర్ని తెచ్చుకోరాదు బిడ్డా?" అంది అమ్మ.

కరెంటు వచ్చేలోగా వాడికి ఫోన్ చేశాను. వెనక మిషన్ల మోత.

"డ్యూటీల ఉన్న భాయ్, మల్ల జేస్త."

పోయినసారీ ఇదే మాట. అంతకుముందూ ఇదే.

కరెంటు వచ్చాక ఆటలో కరీంను పలకరించాను. "పద, పోదాం" అన్నాడు. మళ్లీ పలకరించాను. మళ్లీ అదే అన్నాడు. మళ్లీ పలకరించాను.