సామెతల్లో లేని సామెత

పురసవాక్కం, చెన్నై
2-6-1997

రాతిపని కోదండపాణి గారికి,
ప్రభువు నామమున వందనములు.

నా భర్త దేవసహాయం గారు పోయి ఆగస్టు తొమ్మిదికి ఏడాది. ఆ రోజుకు సమాధి మీద రాతిపలక పెట్టించాలి. పేరు, తేదీలు వేరే కాగితంలో ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం: దేవుడు మోయలేని భారం పెట్టడు. ఇది మాత్రం మరవొద్దు.

ఇట్లు,
జ్ఞానదీపమ్మ, సండే స్కూలు టీచరు

తా.క.: ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి నాది. పలక మీద ఒక్క కొమ్ము తప్పినా సమాధుల తోటలోనే ఎర్ర సిరా తీస్తాను.

*

జార్జి టౌన్
7-6-1997

టీచరమ్మగారికి కోదండపాణి నమస్కారాలు.

మీ కోరిక అర్థమైంది. మోయలేని భారం దేవుడే పెట్టడంటే, రాయి కొట్టుకునేవాణ్ణి నేను పెడతానా? మూడంగుళాల పలక పక్కకు నెట్టి ఒకటిన్నర అంగుళంది తీశాను. సారు గారికి గుండె మీద అప్పడం పెట్టినట్టుంటుంది.

మీ ఆజ్ఞ కోసం చూసే,
కోదండపాణి

తా.క.: మీ ఉత్తరం పైకి చదువుతుంటే ఆ మాట దగ్గర మా ఆవిడ మంగళ కాఫీ లోటా కిందపెట్టి లోపలికి పోయింది. కాఫీ వదిలేసే మనిషి కాదు.

*

పురసవాక్కం
12-6-1997

కోదండపాణి గారికి వందనములు.

అయ్యా, అది బరువు సంగతి కాదు! పలక మీద చెక్కాల్సిన వాక్యం! మావారు పోయినప్పుడు అందరూ నాకు చెప్పింది అదే. అంతకుముందు అందరికీ నేను చెప్పిందీ అదే. సరే, రాయి తీశారు కాబట్టి దాని మీదే కానివ్వండి. అది సామెతల్లో ఉంది. అధ్యాయం, వచనం చూసి రాస్తాను. ఈలోగా అక్షరాలు మొదలుపెట్టండి.

ఇట్లు,
జ్ఞానదీపమ్మ

తా.క.: మా పాస్టరు గారు అది కీర్తనల్లో ఉందంటున్నారు. కుర్రవాడు, పోనీలెమ్మని ఊరుకున్నాను.

*

జార్జి టౌన్
30-6-1997

టీచరమ్మగారికి నమస్కారాలు.

మీ అంకెల కోసం పద్దెనిమిది రోజులు చూశాను. అంకె లేని వచనం మా తాత చెక్కలేదు, మా నాయన చెక్కలేదు. అయితే అది సామెతల్లోది అని మీరే రాశారు. సామెతకు అంకెలెందుకు? అందుకని మీ వాక్యం చెక్కి, దాని కింద ‘ఇది సామెత’ అని వేశాను. కొమ్ములన్నీ సరిగ్గా ఉన్నాయి.

మీ,
కోదండపాణి

తా.క.: ఆఖరి ఉలి దెబ్బకు పలక ‘మోయలేని’ దగ్గర రెండుగా విరిగింది. ఆ మాటను ఆ రాయే మోయలేకపోయింది.

*

పురసవాక్కం
12-7-1997

కోదండపాణి గారికి వందనములు.

సామెతలు అనేది మా బైబిల్లో ఒక పుస్తకం పేరండీ! మీ ఉత్తరం చదివి కోపంతో ఊగిపోయాను. ఆ వచనం చూపించి మీ నోరు మూయిద్దామని కూర్చున్నాను. సామెతలు ముప్పై ఒక్క అధ్యాయాలూ చదివాను. లేదు. కీర్తనలు చదివాను. లేదు. పాస్టరు గారికి చెబితే ఆయన ముఖం నాకంటే ముందు పాలిపోయింది. దగ్గర్లో ఉన్నది ఒక్కటే. సహించలేనంత శోధన దేవుడు రానివ్వడని, తప్పించుకునే దారి కూడా చూపిస్తాడని. అది పాపంలో పడకుండా ఉండటం గురించి. దుఃఖం గురించి కాదు.

మీరే నిజం చెక్కారు. అది సామెతే.

మరి నేను ఎంతమందికి చెప్పాను! పద్నాలుగేళ్ల కిందట ఇక్కడే ఊరి చివర మనలిలో ఒక ఆస్పత్రికి మా సంఘం ఆమెను చూడబోయాను. పక్క మంచం మీద అప్పుడే బిడ్డ పోయిన తల్లి గుండెలు బాదుకుంటోంది. ఆ మాటే చెప్పాను. ఆమె ఠక్కున ఏడుపు ఆపేసింది. ఓదార్చానని మురిసిపోయాను. ఓదార్చలేదు, నోరు మూయించాను. నా ఇంటికి చావు వచ్చాక తెలిసింది.

అయినా వెతకడం మానలేదు. రెండో కొరింథీ పత్రిక, మొదటి అధ్యాయం, ఎనిమిదో వచనం. శక్తికి మించిన బరువు మీద పడిందని, బతుకుతామన్న ఆశే పోయిందని, దేశదేశాల్లో సువార్త చాటిన పౌలు తన చేత్తో రాసుకున్నాడు. అంతటివాడు! ఎన్నోసార్లు చదివిన పేజీయే. ఈసారి ఒళ్లంతా జలదరించింది. ఇంత నిజం ఇన్నేళ్లు నా చేతి సంచిలోనే ఉంది. ఏడాదిగా రాని ఏడుపు వచ్చింది.

అదే మనిషి ఇంకో చోట, ఒకరి భారాలు ఒకరు మోయమన్నాడు. గలతీ 6:2. అది చెక్కండి. అంకెలతో సహా.

ఇట్లు,
జ్ఞానదీపమ్మ

తా.క.: ‘శుభ్రతే దైవభక్తి’ కూడా బైబిల్లో లేదు. ఆ మాట చెప్పి ముప్పై ఏళ్లు ఊళ్లో పిల్లల గోళ్లన్నీ కత్తిరించాను.

*

జార్జి టౌన్
24-7-1997

టీచరమ్మగారికి కోదండపాణి నమస్కారాలు.

మీ ఉత్తరం మంగళకు చదివి వినిపించాను. మనలి దగ్గరకు వచ్చేసరికి ఆగి, ఆ ముక్క మళ్లీ మొదటినుంచి చదివాను. అప్పట్లో మేం ఆడనే ఉన్నాం. మా పాప రాశి నాలుగేళ్లకే జ్వరంతో ఆ ఆస్పత్రిలోనే పోయింది. నేను మందుల కోసం పోయి తిరిగి వచ్చేసరికి మంగళ ఏడవకుండా కూర్చుని ఉంది. ఎవరు ఏమన్నారో ఈనాటిదాకా నాకు తెలియదు.

‘నేను మోస్తానని దేవుడు నమ్మినాడంట గదా. ఏడిస్తే ఆయన మాట పోతాదని ఇన్నేండ్లు ఓర్చుకున్నా’ అంది మంగళ. ‘ఆ పౌలంట, అంత పెద్ద స్వామే మోయలేకపోతే నేనెంత?’ అంది. తర్వాత ఏడ్చింది. పక్కిళ్ల వాళ్లంతా వచ్చారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు, ఊరికే పక్కన కూర్చున్నారు. నాకూ అప్పుడే ఏడుపు వచ్చింది. ఉలి పక్కన పెట్టి నేనూ వాళ్లతో కూర్చున్నాను. ఇన్ని సమాధులకు రాళ్లు కొట్టాను, ఇలాంటిది ఎరగను.

మీ మీద కోపమేమోనని భయపడుతూ అడిగాను. ‘అక్క మాత్రం ఏడాది ఏడవలేదంట గదా. ఆమెకు ఎవురున్నారు?’ అంది. తొమ్మిదో తేదీ తనే వస్తానంది. నేను, మంగళ, మీ పాస్టరు గారు కలిస్తే పలకకు మూడు మూలలు. ‘నాలుగో మూల అక్క పట్టుకుంటుందా, అడుగు’ అంటోంది.

మీ జవాబు కోసం చూసే,
కోదండపాణి

తా.క.: పలక ఈసారి ఐదంగుళాలు. ఒక్కరు లేపలేరు. కావాలనే అంత మందం తీశాను.