ఆ గుట్ట కింద ప్లాట్లకి నా దుకాణం దక్కదు

తాళాలు బాగుచేసి, తాళంచెవులు కోసి ఇద్దరు కొడుకుల్నీ ఒక కూతుర్నీ పెంచి పెద్దచేసిన నేను, డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో, ఎవరి బెదిరింపూ లేకుండా, పూర్తి తెలివితో, పట్టలేని సంతోషంతో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివుందని నా అంతట నేను చెప్పుకుంటే నమ్మనక్కర్లేదు. నిన్న మనసు డాక్టరమ్మ నన్ను పరీక్షించి, ముద్ర కొట్టి మరీ రాసిచ్చింది. ఆ కాగితం దీనికి జతచేశాను. చూసుకున్నప్పుడల్లా నవ్వు ఆగడం లేదు. మా వీధిలో మతి సరిగ్గా ఉందని రాతపూర్వకంగా రుజువున్న మనిషిని నేనొక్కణ్నే!

ఆ డాక్టరమ్మ దగ్గరికి నేనై వెళ్లలేదు. నా కొడుకులిద్దరూ, వాళ్ల వెనక నా బావమరిదీ ఈడ్చుకెళ్లారు. ఎందుకో కూడా రాస్తాను, రేపు కోర్టులో ఎవరూ కొత్త కథ అల్లకుండా. గుట్ట కింద ప్లాట్లు చూస్తుండగానే రెట్టింపవుతాయని బావమరిది ఊదరగొట్టాడు. కొడుకులు ఉన్నదంతా పోశారు. రోడ్డు రాలేదు, బోరులో నీళ్లు పడలేదు, ధర సగానికి పడింది. ఇకనైనా అమ్ముకుని బయటపడతారనుకుంటే, నా దుకాణం అమ్మేసి పక్క ప్లాట్లు కూడా కొందామన్నారు. "నాన్నా, అమ్మితేనే కదా నష్టం! అమ్మకపోతే నష్టమెక్కడుంది?" అన్నాడు పెద్దవాడు. నేను కుదరదన్నాను. పైగా నా కూతురు అడిగిందని తాళంచెవులు కోసే కొత్త మిషను కొన్నాను. ఇంకేం, ముసలాడికి మతి చెడిందన్నారు. డాక్టరు అవునంటే దుకాణం వాళ్ల చేతికొస్తుందని ఆశ.

డాక్టరమ్మ నన్నడిగింది, బొమ్మ పడితే నూట యాభై ఇస్తాను, బొరుసు పడితే మీరు వంద ఇవ్వాలి, ఆడతారా అని. ముందు ఆ నాణెం ఇలా ఇవ్వండమ్మా, రెండు వైపులా చూసి చెబుతానన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. అదే మాట పెద్దవాణ్ని అడిగితే, "ఊరికే వంద పోగొట్టుకోవడానికి నాకేమైనా పిచ్చా?" అన్నాడు. ఒంటిమీద చొక్కా తప్ప అన్నీ గుట్ట కింద పోసినవాడు అన్న మాట అది! "మీ నాన్నగారికి ఏ జబ్బూ లేదు. పోయింది పోయిందని ఒప్పుకోవడం మీకు కష్టంగా ఉంది. ఈసారి ఆయన్ని ఇంట్లో వదిలి మీరు ముగ్గురే రండి" అంది ఆ తల్లి. ఆవిడ నోట్లో పంచదార పొయ్యాలి.

కనుక నా తదనంతరం నా ఆస్తి ఈ కింది విధంగా చెందవలెను.

1. దుకాణం, కొత్త మిషను, గోడన వేలాడే తాళాలన్నీ, గల్లాపెట్టెతో సహా, నా కూతురికి సర్వహక్కులతో. దొంగ ఒక ఇంట్లో పడితే మర్నాడు వీధంతా మా దుకాణం ముందుంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ తలుపులు బార్లా తీసుకుని పడుకుంటారు. దొంగ మారలేదు, వీళ్ల గుండెదడ మారింది. ఆ దడలో ఎంతైనా అమ్మొచ్చు. నా కూతురు మాత్రం, ఒక్క తలుపుకి మూడు తాళాలు అడిగినవాడికి ఒకటే ఇచ్చి, "ముందు పెరటి కిటికీ గడియ చూసుకో బాబాయ్" అని పంపుతుంది. దానికి వ్యాపారమేం తెలుసని అన్నలిద్దరూ వెక్కిరించారు. వాళ్లకి తెలిసిన వ్యాపారం గుట్ట కింద ఎండుతోంది.

2. ఇంటి వెనక రెండు గదులు చిన్నకొడుకుకి, వాడు బతికినంతకాలం ఉండటానికి మాత్రమే, అమ్మే హక్కు లేకుండా. వీడు చిన్నప్పుడు వీధిలో వరస కనిపిస్తే వెళ్లి నిలబడి, తన వంతు వచ్చాక ఇక్కడేం ఇస్తున్నారని అడిగేవాడు. ఇప్పటికీ అంతే. అన్న కొన్నాడని కొన్నాడు, అన్న అమ్మలేదని అమ్మలేదు. అన్న అమ్మమంటే ఈ గదులూ అమ్మేస్తాడు, అందుకే ఈ షరతు.

3. నా బావమరిదికి, బల్లకింద పడున్న తుప్పు తాళం, తాళంచెవి లేకుండా. ఏటేటా ధర పెరుగుతుందని చెప్పి ఎవడికో అంటగట్టుకోమనండి. అందరిచేతా కొనిపించి తను ఒక్క గజం కొనని మహానుభావుడు! నిన్న మతి పరీక్షకి వెళ్లినచోట కూడా, గుమ్మం దగ్గర చీటీలు రాసే అమ్మాయికి ప్లాటు పటం విప్పి చూపించాడు. నా శవం దగ్గర వీడికి కుర్చీ వెయ్యొద్దు.

4. నేను చేతితో చేసిన చిట్టి ఇత్తడి తాళం మనవరాలికి, అంటే పెద్దవాడి కూతురికి. తలపిన్నుతో తీసేస్తుంది దొంగపిల్ల. తియ్యనివ్వండి, తిట్టొద్దు.

5. బ్యాంకులో ఉన్న డిపాజిట్టు మొత్తం పెద్దకొడుకుకి. అవును, వాడికే. నన్ను పిచ్చివాణ్ని చెయ్యబోయినవాడికే. తిట్టడానికి నోరొచ్చింది గానీ, పేరు తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

6. పైవాటిలో ఏది చెల్లకపోయినా, ఏది మిగిలినా మనవరాలి చదువుకి. ఇవన్నీ జరిపించే బాధ్యత మా వకీలుది.

సంతకాలకి ముందు చేర్చిన మాట: వకీలు ఇదంతా పైకి చదివి, సాక్షిగా సంతకం చేసినవాళ్లకి గానీ, వాళ్ల భర్తకో భార్యకో గానీ ఇందులో రాసింది చెల్లదని, కనుక బయటివాళ్లని పిలవమని చెప్పాడు. డాక్టరమ్మని పిలిపించాను, ఇంకొకరు కావాలి. మంచినీళ్లు తెచ్చిన పెద్ద కోడలు అక్కడే ఆగిపోయింది. "ఆయన చేతికొస్తే ఆ డిపాజిట్టూ గుట్ట కిందకే పోతుంది మామయ్యగారూ. పాపకి పోనివ్వండి. ఆ పెన్ను ఇలా ఇవ్వండి" అంది. అయిదో అంశం కొట్టేద్దామా అని వకీలు అడిగాడు. వద్దన్నాను. నేను ఇచ్చాను, అది అలాగే ఉండాలి. కోడలు గ్లాసు కింద పెట్టి, చెయ్యి పైటకి తుడుచుకుంది. నా ఆనందం రాయడానికి ఈ కాగితం చాలదు.

ఏప్రిల్ పదకొండో తేదీ, శనివారం, పగలు, దుకాణంలో.

సంతకం: తాళాల తాత

మొదటి సాక్షి: నా మతిని పరీక్షించిన డాక్టరమ్మ

రెండో సాక్షి: పెద్ద కోడలు, నా పెద్దకొడుకు భార్య