నా నోట నీ గొంతు

పారిస్,
1986 నవంబరు 16, ఆదివారం

నాదేజ్‌కి,

మగలి రాయునది. ఇక్కడ నేను క్షేమం, దక్షిణాన మా ఊరు బెజియేలో మా నాన్న క్షేమం. నీ క్షేమం అడగనక్కర్లేదు. బుధవారం మధ్యాహ్నం రెండు గంటల ఆటలో నీ గొంతు విన్నాను. బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే అది నా నోట్లోంచి వస్తోంది.

కొత్త సినిమా మొదటి ఆటకి మన సినిమావాళ్లంతా వచ్చి, వెనక నిలబడి తలలు లెక్కపెట్టుకుంటారుగా. ఈ ఏడు కొత్త టీవీ ఛానెళ్లొచ్చి హాళ్లు ఖాళీ అవుతున్నాయని అందరి గుండెల్లోనూ రాయి పడింది. మా దర్శకుడు గిస్లాన్ కూడా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నేను వెళ్లింది వేరే పనిమీద. నా మొదటి పెద్ద వేషం నాన్నకి వినిపించాలని ఆయన్ని రైల్లో రప్పించి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చూపు పోయి నాలుగేళ్లయింది. ఆయనకి సినిమా అంటే నా గొంతే.

అరగంటయ్యాక నా మోకాలు తట్టి, ‘ఏమే పిల్లా, నువ్వెప్పుడొస్తావే?’ అని అడిగాడు. అప్పటికి తెరమీద నేను పావుగంటగా మాట్లాడుతూనే ఉన్నాను. ఇంకాస్త విని, ‘ఈ అమ్మాయి మన నాదేజ్ కదూ? ద్రాక్షకోతలకొచ్చి మీ అత్త గొంతుతో అందర్నీ నవ్వించేది!’ అన్నాడు. నేనింకా పోల్చుకోకముందే ఆయన పోల్చేశాడు.

ఆటయ్యాక గిస్లాన్‌ని పట్టుకుని కడిగేశాను. ‘నీ మొహం బంగారం. ఆ దక్షిణాది యాసతోనే చిక్కు. పారిస్ డాక్టరు పెళ్లాం వెల్లుల్లి అమ్ముకునేదానిలా మాట్లాడితే జనం నవ్వరూ? నిర్మాత ఒప్పుకోలేదు’ అన్నాడు. సెట్‌లో రికార్డయిందే చాలు, నీకు డబ్బింగ్ అక్కర్లేదని నాతో చెప్పింది ఈ పెద్దమనిషే. వాడి సంగతి వదిలెయ్. వాడు నాకేమవుతాడు? మరి నువ్వు?

ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాం. సెప్టెంబరంతా అమెరికా సీరియల్‌కి డబ్బింగని చెప్పి పొద్దున్నే పోయేదానివి. తిరిగొచ్చి నేను చేసిన సూపు తాగేదానివి. ఒకరోజు, ‘నీ సినిమాలో ఆ వంటింటి సీను ఒక్కసారి చెప్పవే, సరదాగా’ అన్నావు. పిచ్చిదాన్ని, గరిటె చేత్తో పట్టుకునే మొత్తం చెప్పాను. రెండోసారి కూడా చెప్పించుకున్నావు. మర్నాడు స్టూడియోలో, తెర కింద పలకాల్సిన మాటల పట్టీ నడుస్తుంటే, నేనెక్కడ ఊపిరి పీల్చానో సరిగ్గా అక్కడే పీల్చావు. ఇంకెవరూ అంత బాగా అతికించలేరు. ముక్కూమొహం తెలియని మనిషి చేసుంటే ఒక్కరోజు ఏడ్చి ఊరుకునేదాన్ని.

నాన్నకి హాల్లోనే అంతా చెప్పేశాను. ఆయన నిన్ను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టలేను. నీ పెట్టెలు కింద వాచ్‌మన్ ఆవిడ గదిలో ఉంచాను. తాళంచెవి ఆవిడకే ఇచ్చి పో. నా కంట పడకు.

ఇట్లు,
ఒకప్పటి నీ
మగలి

తా.క.: నాన్నకి చెప్పేశానని పైన రాసింది అబద్ధం. ఆ వేషం నాకు రాలేదని, నీకే ఇచ్చారని చెప్పాను. రైలెక్కేటప్పుడు నీకు ఆశీస్సులు అందజేయమన్నాడు. అందజేస్తున్నాను. ‘దాని మాట వింటుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదని చెప్పు. నువ్వు కూడా దాని దగ్గర కాస్త నేర్చుకోవే’ అన్నాడు.