నొప్పికి మార్కులు

లూధియానా, పెద్దాసుపత్రి

ప్రియమైన భాగ్యవంతురాలికి,

నీ సర్దారు నాజర్ సింగ్ ఎడమ చేత్తో రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. అక్షరాలు తాగి నడుస్తున్నట్టు కనిపిస్తే కంగారు పడకు. బళ్ళో కుడి చేత్తో రాసినప్పుడూ మాస్టారు ఇదే మాట అన్నాడు.

కోసిన చోట పుండు మానుతోంది. వింత ఏమిటంటే, లేని వేళ్ళు నొప్పెడుతున్నాయి. మన ఊళ్ళో కర్నైలు అద్దెకు తిప్పే నూర్పిడి మిషనులో అవి ఇంకా నలుగుతున్నట్టే ఉంది. బక్షీ డాక్టరమ్మ ఈ నొప్పి మీదే పరిశోధన చేస్తోంది. చేతులు పోయిన మా వార్డు వాళ్ళలో కొందరికి మందు బిళ్ళ, కొందరికి ఉత్త సుద్ద బిళ్ళ. ఎవరిది ఏదో ఆమెకూ తెలియదట. రోజూ పొద్దున మంచాల మధ్య నిలబడి, "సున్నా నుంచి పది లోపు నొప్పికి ఎన్ని మార్కులు?" అని అడిగి రాసుకుంటుంది.

పక్క మంచం సుబేదారు హజారా సింగ్ మీసం దువ్వి "ఒకటి" అన్నాడు. యుద్ధం చేసొచ్చినవాడు ఒకటంటే, గోధుమ పనలు తోసేవాణ్ణి నేను తొమ్మిదని ఎలా అనను? రెండన్నాను. ఎలా ఉన్నావని ఎవరడిగినా "చడ్‌దీ కలా, అంతా హుషారే" అనడం తప్ప మనవాళ్ళు ఇంకో జవాబు నేర్పలేదు కదా.

మార్కులు తగ్గినవాళ్ళను త్వరగా ఇంటికి పంపుతారట. నాకు కావలసింది అదే. చెయ్యి పోయింది పొరుగువాడి గోధుమ నూర్చేటప్పుడు. మన కుప్ప ఇంకా అలాగే ఉంది. మన వంతు వచ్చేలోగా వచ్చేస్తాను. అప్పటిదాకా నా తమ్ముణ్ణి ఆ మిషను దగ్గరికి రానీకు. పనలు త్వరగా పడాలని కర్నైలు, వాటిని లోపలికి తోసే రేకు మూతిని సగానికి కోయించాడు. మూతి పొడుగ్గా ఉండి ఉంటే నా చెయ్యి లోపలి పళ్ళదాకా పోయేదే కాదు.

నీ ఒంటిచేతి మొగుడు,
నాజర్

*

కోట్ లల్లా

సర్దార్జీకి నసీబ్ కౌర్ సత్ శ్రీ అకాల్.

నొప్పి రెండా? ట్రాలీలో మిమ్మల్ని తీసుకెళ్ళేటప్పుడు నా దుపట్టా కొరికి చింపింది సుబేదారా?

కర్నైలు ఇంటికి వెళ్ళి మిషనుకు మూతి అతికించమన్నాను. "వదినా, పొడుగు మూతి పెడితే రోజుకు సగం కళ్ళాలు కూడా పూర్తి కావు. జనం నన్ను తంతారు. అయినా అన్నకు పరాచికాలెక్కువ. పన తోస్తూ పక్కవాడితో జోకులేస్తే మిషనుదా తప్పు?" అన్నాడు.

"మిషనుకు జోకులు అర్థం కావనేగా, చేసినవాడు దానికి అంత పొడుగు మూతి పెట్టింది" అన్నాను. తల గోక్కున్నాడు. ఒప్పుకోలేదు.

ఇక మీ తమ్ముడు జగ్గా. "నేను తోస్తా వదినా, నా కళ్ళు మిషను మీదే ఉంటాయిగా" అంటున్నాడు. మీ అన్నదమ్ములకు చెవులు అలంకారానికే ఇచ్చాడు దేవుడు. పడమట మబ్బు పట్టింది. మన వంతు గురువారం. అది తప్పితే మిషను మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను. మీరు డాక్టరమ్మకు నిజం చెప్పండి.

ఇట్లు,
నసీబ్ కౌర్

*

లూధియానా

ప్రియమైన మా ఇంటి థానేదారుగారికి,

నిజం చెబితే నన్ను ఇక్కడే కట్టేస్తారు. ఈరోజు సున్నా అన్నాను. డాక్టరమ్మ ముఖం చూడాల్సింది, కొడుకు పరీక్ష పాసైనట్టు వెలిగిపోయింది. బిళ్ళ బాగా పనిచేస్తోందని మిగతా ఆసుపత్రులకు కూడా రాస్తుందట. సుబేదారు తలపాగా కొస నోట్లో కుక్కుకుని పళ్ళ సందుల్లోంచి "ఒకటి" అంటున్నాడు. పనిచేస్తున్నది బిళ్ళో, మా మీసాలో ఆ తల్లికేం తెలుసు.

నా సంగతంటావా, లేని బొటనవేలిని ఎవరో పట్టకారుతో మెలితిప్పుతున్నట్టుంది. ఈ వాక్యం రాస్తుండగానే కలం జారి కింద పడింది.

డాక్టరమ్మ నన్ను బుధవారం ఇంటికి పంపిస్తానంది. గురువారం పొద్దున మిషను ముందు మంచం వాల్చుకుని కూర్చుంటాను. జగ్గా పన తోయాలంటే నన్ను దాటి తోయాలి. నీ మాట వినడు, నా మొండి చెయ్యి చూస్తేనన్నా వింటాడు. వాడికి ఇంకా పెళ్ళి కూడా కాలేదు. వాడి రెండు చేతులూ నాకు కావాలి నసీబో. ఇందులో పరాచికం ఏమీ లేదు.

వస్తున్నాను.
నాజర్

*

కోట్ లల్లా

సర్దార్జీకి,

లూధియానా వెళుతున్న గురుద్వారా జ్ఞానీగారికి ఇచ్చి పంపుతున్నాను, వెంటనే అందుతుందని. మన వంతు ముందుకు జరిగింది. నిన్ననే నూర్పిడి అయిపోయింది. కర్నైలు చివరికి మూతి అతికించాడు. జగ్గా చేతులు రెండూ భద్రం. గింజ ఇల్లు చేరింది.

మీరు పరుగెత్తుకుని రానక్కర్లేదు. ఇక సున్నా చెప్పడానికి మీకు సాకు కూడా లేదు.

నసీబ్ కౌర్

*

లూధియానా

ప్రియమైన నసీబోకి,

నీ ఉత్తరం చదివాను. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదులైంది. డాక్టరమ్మ అడగ్గానే "తొమ్మిది" అన్నాను.

"నిన్న సున్నా కదా?"

"నిన్నటిదాకా ఇంటికి పోవాల్సి ఉండింది తల్లీ. ఇప్పుడు తొందర లేదు."

సుబేదారు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "నాది పది రాసుకో బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత మంచం మంచం నుంచీ మార్కులు పెరిగాయి. డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుని మమ్మల్ని తిట్టిన తిట్లు రాస్తే ఈ కాగితం చాలదు. "మీ బింకం నమ్మి, పనిచేస్తుందో లేదో తెలియని బిళ్ళ ఊరూరా పంచేదాన్ని. రేపు ఇంకెవడో నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఈ బిళ్ళే చేతిలో పెట్టేవాళ్ళు" అంది.

ఇంతవరకు రాసుకున్న మార్కులన్నీ కొట్టేసింది. పరిశోధన మళ్ళీ మొదటినుంచి. ఇప్పుడు ఒక్కొక్కణ్ణే తెర చాటుకు పిలిచి అడుగుతోంది. నన్ను, సుబేదారును అందులోంచి తీసేసి భుజం దగ్గర నరానికి సూది వేసింది. చెయ్యి పోయాక మొదటిసారి వేళ్ళు ఊరుకున్నాయి. ఇంకొన్ని వారాలు వేయాలట. అన్నాళ్ళూ ఇక్కడే ఉంటాను.

రొట్టెలు కొత్త పిండితో చేశావా? రుచి ఎలా ఉందో రాయి.

నీ వాడు,
నాజర్

*

కోట్ లల్లా

ప్రియమైన సర్దార్జీకి,

కొత్త పిండి లేదు. నూర్పిడి కాలేదు. ఆ ఉత్తరంలో నిజం ఒక్కటే, జగ్గా చేతులు భద్రం. పెళ్ళయిన నాటినుంచి మీరు నన్ను ఆట పట్టిస్తూనే ఉన్నారు. ఇది ఒక్కటి నా ఖాతాలో వేయండి.

గురువారం కర్నైలు మిషను తెచ్చాడు. అదే పొట్టి మూతి. నేను కుప్పకు అడ్డంగా నిలబడ్డాను. జగ్గా ఊరందరి ముందు అరిచాడు. "వదినా, వాన పడితే గింజ నల్లబడుతుంది, అది తింటావా?"

"తింటాను."

"అన్న ఉంటే ఇలా చేసేవాడా?"

"మీ అన్న ఉండాల్సింది ఇక్కడే. ఎందుకు లేడో ఆ మిషనును అడుగు" అన్నాను.

కర్నైలు మిషను ట్రాక్టరుకు తగిలించుకుని పక్క చేలోకి పోయాడు. సాయంత్రం వాన పడింది. ఆరినంత ఆరబెట్టి, మామయ్య ఇంటి ఎడ్లు తెచ్చి పాత పద్ధతిలో తొక్కించాం. సగం గింజ మొలకలెత్తింది. మిగిలిన సగంతో ఏడాది గడవాలి, గడుపుతాను. జగ్గా నాతో మాట్లాడటం మానేశాడు. రొట్టె నేను పెడితే తీసుకునేవాడు కాదు, తనే వడ్డించుకునేవాడు.

మీరు నిజం చెప్పారని తెలిశాకే ఇదంతా రాయాలనుకున్నాను. ఇవాళ ఇంకొకటి కూడా రాయాల్సి వస్తోంది. మన కళ్ళం నుంచి పోయాక కర్నైలు చేలు మార్చుకుంటూ విశ్రాంతి లేకుండా నడిపాడు. కూలీలు అలిసి వెళ్ళిపోతే నిన్న తనే పనలు తోశాడు. చెయ్యి మోచేతిదాకా పోయింది.

జగ్గా ఆ కళ్ళం నుంచి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. చాలాసేపు తన చేతులే చూసుకున్నాడు. తర్వాత పళ్ళెం నా వైపు జరిపి, "రొట్టె పెట్టు వదినా" అన్నాడు. అదే నల్లగోధుమ రొట్టె. ఇంకోటి కూడా అడిగి తిన్నాడు.

కర్నైలును మీ ఆసుపత్రికే తెస్తున్నారు. జగ్గా తోడుగా వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇచ్చాను. కర్నైలును ఏమీ అనకండి. అనాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి, కోలుకున్నాక నేనే అంటాను. నవ్వించడానికీ చూడకండి. మీకు అలవాటని తెలుసు గాని, ఈసారికి వద్దు. పక్కన కూర్చుని ముందు అతన్ని ఏడవనివ్వండి.

మీ
నసీబ్ కౌర్