దయ్యాల ఇంట్లో అమ్మ ముఖం

బరీ, మార్చి 3, 1997

ప్రియమైన బెరిల్ అక్కా,

ఇందుమూలంగా సమస్త కుటుంబ సభ్యులకూ తెలియజేయడమేమనగా: అమ్మ ఇంట్లో టీ కుండకు తొడిగే ఊలు టోపీ, గోధుమ రంగుది, నాన్న కాలం నుంచి నిర్విరామంగా సేవ చేసి, మొన్న ఆదివారం పదవీచ్యుతమైనది. దాని స్థానంలో పసుపుపచ్చ టోపీ, నెత్తిన కుచ్చుతో సహా, అధికారం చేపట్టినది. పాత టోపీ ఇకమీదట బూట్లు తుడుచును. దేవుడు రాణిగారిని కాపాడుగాక.

నవ్వకు. అది ఎవరి కోసమో తెలిస్తే నవ్వవు. మన అటక గదిలో అద్దెకుండిన ఆజ్‌గుడ్ ట్రాంటర్ గుర్తున్నాడా? మోచేతులకి అతుకులేసిన కోటు, మెడలో చారల మఫ్లరు, పగలు కూడా కర్టెన్లు మూసుకుని కూర్చునేవాడు. ఏం చేస్తారండీ అంటే "సబ్బు డబ్బాలకి బొమ్మలు గీస్తాను బాబూ" అనేవాడు. నాన్న పోయిన వారానికే పెట్టె సర్దుకుని మాయమయ్యాడు. ఆ మనిషి ముప్పై ఏళ్ళ తర్వాత చర్చి వాళ్ళు పెట్టే పేకాట పోటీలో అమ్మకి ఎదురుపడ్డాడట. వచ్చే నెల పెళ్ళి! అమ్మే చెప్పింది, వంటగదిలో క్యారెట్లు తరుగుతూ, పాలవాడు మారాడని చెప్పినంత తేలిగ్గా. ఫోన్లో చెబుదామంటే ఆవిడ పక్కనే ఉంటుంది, అందుకే ఈ ఉత్తరం.

నాకు చదువబ్బలేదు, బస్సు నడపడం అబ్బింది. కానీ అనుమానించడానికి డిగ్రీ అక్కర్లేదు కదా. నిన్న చర్చి వాళ్ళు పాత సామాన్లు అమ్ముతుంటే వెళ్ళాను. ఒక కట్ట కనబడింది. మన చిన్నప్పుడు పక్కింటి నాబీ వాళ్ళింట్లో అరువు తెచ్చుకుని, పడీపడీ నవ్విన బొమ్మల పత్రిక. అందులో డాంక్‌వర్త్ కుటుంబం అనే దయ్యాల కథ! ప్రతి సంచిక మూలనా పెన్సిల్‌తో 14 అని ధర రాసి ఉంది. పద్నాలుగు పెన్నీలా అని కౌంటరు దగ్గరి ముసలమ్మతో కాసేపు గొడవపడి, కొన్నాను.

ఇంటికొచ్చి చదువుతుంటే నవ్వు రాలేదక్కా. అందులో దయ్యం ముసలమ్మ గోడలోంచి దూరి వెళ్ళిపోతుంది, కట్టుడుపళ్ళు మాత్రం గోడకి ఇవతలే ఉండిపోతాయి. నాయనమ్మ పళ్ళు ఎన్నిసార్లు వెతికాం మనం? నెత్తురు చూస్తే మూర్ఛపోయే రక్తపిశాచి తండ్రి, సంతలో నిలబడి వెనిగర్ పోసుకుని నెత్తురు సాసేజీ మాత్రం లొట్టలేసుకుంటూ తింటాడు. అది నాన్న కాక ఇంకెవరు? అలిగి తలుపు దబాలున వేస్తే చూరునుంచి గబ్బిలాలు రాలిపడే మంత్రగత్తె పిల్ల నువ్వు. అతిథుల బూట్లలో కప్పల్ని పెట్టే తోడేలు కుర్రాడెవడో వేరే చెప్పాలా? అటకమీద అద్దెకుండే అస్థిపంజరం మెడలో చారల మఫ్లరు!

ఆ ట్రాంటర్ మన అన్నం తిని, మన ఇంట్లో పడుకుని, మనల్ని దయ్యాల్ని చేసి దేశమంతా నవ్వించాడు. ఇంకో సంగతి. ఆ కథలో తల్లికి ముఖం లేదు. బొమ్మ అంచున ఏప్రన్, రెండు చేతులు, టీ కుండ, అంతే. ఎన్ని సంచికలు తిరగేసినా అంతే. మిగతా అందరి ముఖాలూ వేసినవాడు ఆవిడ ముఖం ఎందుకు దాచాడు? ఏ తప్పు లేనివాడు దాస్తాడా? నాన్న బతికుండగానే ఏమైనా జరిగిందా?

అన్నిటికన్నా ఘోరం చివర్లో రాస్తున్నాను. నాన్న పోయిన వారం సంచికలో ఆ కుటుంబమంతా ఒక శవపేటిక మీదెక్కి డాన్సు చేస్తోంది. మూతకింద నుంచి నాన్న టోపీ కనబడుతోంది.

ఇక నువ్వే చెప్పు.

ఇంటి గుమ్మంలో కాపలా కుక్కలా,
నీ తమ్ముడు క్లైవ్

*

మార్చి 12

అక్కా,

నీ జవాబు అందింది. కాగితం ఇంకా వేడిగానే ఉంది. శవపేటిక మీద ఎగిరినవాడు అమ్మ పక్కన నిలబడితే చూడలేనని, పెళ్ళికి నువ్వూ రావు, పిల్లల్నీ పంపవని రాశావు. అమ్మకి కూడా నాలుగు ముక్కలు రాసి పడేశావటగా. ఆవిడ దాన్ని చదివి, మడిచి, ఏప్రన్ జేబులో పెట్టుకుంది. పసుపు టోపీ తీసేసి టీ కుండని బోసిగా వదిలేసింది.

నువ్వు తొందరపడకు. ఆదివారం భోజనానికి ట్రాంటర్ వస్తున్నాడు. ముఖాముఖే తేలుస్తాను.

క్లైవ్

*

మార్చి 17

ప్రియమైన బెరిల్ అక్కా,

కూర్చుని చదువు. టీ పెట్టుకుని కూర్చో.

బంగాళాదుంపలు వడ్డించే మూత గిన్నె ఉంది చూడు, దుంపలు తీసేసి అందులో ఆ పత్రికలు సర్దాను. అమ్మ మూత తీసింది.

"దుంపలేవిరా?"

"ఓవెన్లో ఉన్నాయి. ముందు ఇవి వడ్డించు. వంటవాడు ఎదురుగానే ఉన్నాడు."

ట్రాంటర్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఇవి... ఎక్కడివి బాబూ?"

"చర్చిలో కొన్నాను. ఒక్కోటి పద్నాలుగు పెన్నీలు. మా కుటుంబం ఖరీదు అంతేనటండీ."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మూల చూసింది. తర్వాత నన్ను చూసింది, నాబీ వాళ్ళ కిటికీ పగలగొట్టిన రోజు చూసినట్టు.

"అది ధర కాదురా మొద్దూ! పేపర్ల కొట్టువాడు ఏ ఇంట్లో వేయాలో పెన్సిల్‌తో రాసే నంబరు. పద్నాలుగో నంబరు ఇల్లు ఎవరిది?"

నేను గుమ్మంవైపు చూశాను. ఆ ఇంట్లోనే పుట్టాను, ఆ అంకె మీదే టెన్నిస్ బంతి విసిరి ఆడుకున్నాను.

"అటక దులిపి చర్చికి ఇచ్చింది నేను. నా చెత్త నువ్వు డబ్బిచ్చి కొని నాకే వడ్డిస్తావా? ఆ పత్రిక వేయించుకున్నది మీ నాన్న. ప్రతి వారం షెడ్డులో దాక్కుని చదివి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి బయటికొచ్చేవాడు. 'ఎడ్నా, నేను రక్తపిశాచినే!' అని మీసం తిప్పేవాడు. ఎవరికైనా చెబితే ట్రాంటర్ పని ఊడుతుందని మీకు చెప్పలేదు."

ట్రాంటర్ గొంతు సవరించుకున్నాడు. "పత్రికవాళ్ళు మమ్మల్ని బొమ్మల కింద సంతకం పెట్టనిచ్చేవాళ్ళు కాదు బాబూ. మూల పేరు గీస్తే ఆఫీసులో తెల్లరంగు పూసేవాళ్ళు. అందుకే నన్నే అస్థిపంజరంగా వేసుకున్నాను. నా సంతకం అదే. మీ నాన్నని అడిగాకే మొదలుపెట్టాను."

"మరి ఆయన పోయిన వారానికే పారిపోయారెందుకు?"

"విధవరాలి ఇంట్లో మగవాడు అటకమీద ఉంటే వీధి ఊరుకుంటుందా? ఆవిడ పేరు ఆవిడకి మిగలాలి కదా. మీ నాన్న పోయాక నేను రక్తపిశాచిని గీయలేకపోయాను. ఆ పేజీని వేరేవాడికి ఇచ్చేశారు."

నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. "అమ్మ ముఖం ఎందుకు దాచారు మరి?"

"అదే నేనూ అడుగుతున్నా," అని అమ్మ గరిటె బల్లమీద కొట్టింది. "ఇంటిల్లిపాదినీ దయ్యాల్ని చేశావు. చచ్చిన అత్తగారిక్కూడా ముఖముంది. నన్ను మాత్రం టీ కుండతో సరిపెట్టావు. నేనేం పాపం చేశాను, ఆజ్‌గుడ్?"

ముసలాయన ఫోర్కు కింద పెట్టాడు. "ఆ పత్రికలో ఒకటే నియమం. ప్రతి ముఖమూ వికారంగా ఉండాలి. లేకపోతే ఎడిటర్ తిప్పి పంపేవాడు. చాలాసార్లు ప్రయత్నించాను, ఎడ్నా. నీది గీయబోతే చెయ్యి రాలేదు. అందుకని అంచు దగ్గరే ఆగిపోయాను."

అక్కా, ఓవెన్లో దుంపలు మాడుతున్న వాసన వస్తోంది, ఎవ్వరం లేవలేదు. అమ్మ గరిటెని తుడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది: "అయితే ఇప్పుడు వెయ్యి. డెబ్భై నాలుగేళ్ళు వచ్చాయి. అంత కష్టపడక్కర్లేదు."

వేశాడు, కసాయికొట్టు కాగితం వెనకాల. ముక్కుమీద పులిపిరి, ఒక్కటే పన్ను, జుట్టులో సాలెపురుగు, నెత్తిమీద కుచ్చుతో సహా పసుపు టోపీ. అమ్మ దాన్ని చూసి నవ్వి నవ్వి దగ్గింది. పెళ్ళి పిలుపు మీద అదే అచ్చేయించమంది. నీకొక జిరాక్స్ తీసి ఇందులో పెట్టాను.

కానీ నీ ఉత్తరం ఇంకా ఆవిడ ఏప్రన్ జేబులోనే ఉంది. నవ్వాక చెయ్యి అక్కడికే పోయింది, నేను చూశాను. "బెరిల్ రాదేమోరా," అంది. నువ్వు రాకపోతే, పెళ్ళి రిజిస్ట్రారు దగ్గర జరిగినా అమ్మ చెయ్యి ఆ జేబులోనే ఉంటుంది.

అందుకే ఇది రాస్తున్నాను. నాన్న పోయిన వారం సంచిక నా ముందే ఉంది. అందులో మంత్రగత్తె పిల్ల తలుపు వేయడం లేదు. తోడేలు కుర్రాడి చేతిలో కప్ప లేదు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. రక్తపిశాచి కుర్చీ ఖాళీగా ఉంది. అంచునుంచి రెండు చేతులు వచ్చి, ఆ ఖాళీ కుర్చీ ముందు కప్పులో టీ పోస్తున్నాయి.

శవపేటిక లేదు, డాన్సూ లేదు. ఏ సంచికలోనూ లేదు. నువ్వు నా మాట నమ్మవేమోనని నేను అల్లాను.

రా అక్కా. వచ్చి తలుపు దబాలున వెయ్యి, నా నెత్తిమీద గబ్బిలాలు రాలనీ.

తోడేలు కుర్రాడు,
క్లైవ్